మస్ట్ నాట్, డోంట్ హ్యావ్ టు: ఏది ఎప్పుడు?

‘రేపు మీరు గుంటూరు ఆఫీసుకు రానక్కర్లేదు’ అని ఇంగ్లీషులో చెప్పడానికి ‘యూ మస్ట్ నాట్ కమ్’ అనొచ్చా? అనకూడదు. అది ‘రాకూడదు’ అనే నిషేధం. విన్నవాళ్లు ఏం తప్పు చేశామా అని కంగారుపడతారు. ‘యూ డోంట్ హ్యావ్ టు కమ్’ అనాలి.

మస్ట్, హ్యావ్ టు రెండూ ‘తప్పదు’ అనే చెబుతాయి. నాట్ చేరగానే దారులు వేరు. ముందు తెలుగులో అనుకోండి: ‘కూడదు’ వస్తే మస్ట్ నాట్, ‘అక్కర్లేదు’ వస్తే డోంట్ హ్యావ్ టు.

జరిగిపోయిన అవసరానికి మస్ట్ పనికిరాదు. ‘నిన్న బెజవాడ వెళ్లాల్సి వచ్చింది’ అంటే ‘ఐ హ్యాడ్ టు గో’. ‘హీ మస్ట్ హ్యావ్ గాన్’ అంటే ‘వెళ్లే ఉంటాడు’ అన్న ఊహ. అన్నట్టు, హ్యాడ్ టు తర్వాత ‘వెంట్’ రాదు, ‘గో’నే.