తుంటి ఎముకకు సంతకం పెట్టారా?

ప్రశ్న: కింది దవడలో కణితి తీసి, నా తుంటి ఎముక ముక్కతో దవడ కట్టారు. చీము పట్టడంతో ఆరో నెలలో దాన్ని తీసేశారు. తుంటి కోస్తారని ముందు చెప్పనే లేదు. తొడ బయటివైపు ఇప్పటికీ తిమ్మిరి. సరిగ్గా తినలేక, నలుగురిలోకి వెళ్లలేక నరకం చూస్తున్నాను. ఆపరేషన్ జరిగి 22 నెలలైంది. ఫిర్యాదు చేయనని రాసిస్తే ఉచితంగా మళ్లీ చేస్తామంటున్నారు. పాత సీటీ స్కాన్ సీడీ ఎక్కడో పోయింది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దు. పెడితే ఆ కాగితాన్నే రేపు మీకు అడ్డం పెడతారు.

అతికించిన ఎముక నిలవకపోవడం ఒక్కటే నిర్లక్ష్యం కిందకు రాదు. మీ ఎముకే అయినా, రక్తనాళాలు లేని ముక్కగా తెచ్చి ప్లేటు, స్క్రూలతో బిగిస్తారు. చుట్టూ ఉన్న కండ నుంచి కొత్త రక్తనాళాలు అందులోకి చేరాలి. ఈలోగా నోటి లోపలి కుట్టు విడి లాలాజలం దిగినా, స్క్రూ వదులై ముక్క కదిలినా, రోగి సిగరెట్ మానకపోయినా అది చెడిపోవచ్చు. అవతలి లాయరు ఇవన్నీ ఏకరువు పెడతారు. దవడ మీదే పోరాడాలంటే నిపుణుడి సాక్ష్యం కావాలి.

మీ కేసు తేలేది తుంటి దగ్గర. అంగీకార పత్రంలో ఏ ఎముక తీస్తారో, ఏ వైపు తీస్తారో, తొడ తిమ్మిరి రావచ్చని రాశారా? ఒక చికిత్సకిచ్చిన అంగీకారం ప్రాణం మీదకు వస్తే తప్ప మరోదానికి చెల్లదని సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. తుంటి ఎముక ముందే అనుకుని తీసేది, అత్యవసరం అనడానికి వీల్లేదు. కానీ పత్రంలో తుంటి మాట ఉండి, చదవకుండా సంతకం పెట్టానంటే ఏ వినియోగదారుల కమిషనూ వినదు.

సీడీ పోగొట్టుకోవడమేమిటండీ? దవడ ముందెలా ఉందో చూపేది అదే. ఈరోజే ఆస్పత్రికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. 2002 వైద్యవృత్తి నిబంధనల ప్రకారం 72 గంటల్లో రికార్డులివ్వాలి. డిశ్చార్జి సమ్మరీతో సరిపెట్టుకోకండి. అంగీకార పత్రం రెండు వైపులా, ఆపరేషన్ నోట్సు, మత్తు డాక్టరు షీటు, బిగించిన ప్లేటు వివరాలుండే స్టిక్కర్లు, స్కాన్ కాపీ, అన్నీ అడగండి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం గడువు రెండేళ్లు. తుంటి విషయంలో ఆపరేషన్ రోజు నుంచే లెక్క వేసుకోండి. దవడలో అతికించిన ఎముక తీసేసిన రోజు నుంచి లెక్కించాలని వాదించవచ్చు గానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. రాజీ మాటలు నడుస్తున్నాయని గడువు ఆగదు. ఆలస్యాన్ని మన్నించడం కమిషన్ ఇష్టం.

15 రోజుల గడువుతో నోటీసిచ్చి, జవాబు వచ్చినా రాకున్నా విశాఖపట్నం జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. వినియోగదారుల ఫిర్యాదుల ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-జాగృతిలోనూ వేయొచ్చు. ఆస్పత్రికి కట్టింది 5 లక్షలలోపైతే రుసుం లేదు. దవడ మళ్లీ కట్టించుకోవడం కేసు కోసం ఆపొద్దు, వేరేచోట చేయించుకోండి. అయితే కత్తి పడకముందే కొత్త సీటీ తీయించి, తొడ తిమ్మిరి ఎంత మేర ఉందో నరాల డాక్టరుతో రాయించుకోండి.