కంకర అని చెబితే 40 ఎంఎం దింపారా? శ్లాబుకు వాడకండి

నమస్కారమండీ. 5 అంగుళాల శ్లాబుకు కంకర కావాలంటే 40 ఎంఎం రాయి దింపారని, దాంతోనే పోసేద్దామని మేస్త్రీ అంటున్నారని రాశారు. దయచేసి ఒప్పుకోవద్దు.

కొట్టిన రాయి ఏ సైజుదైనా మన దగ్గర కంకరే. రైలు పట్టాల కింద పరిచేదీ కంకరే, రోడ్డుకు వేసేదీ కంకరే. అందుకే ఆర్డరిచ్చేటప్పుడు ఎంఎం చెప్పి తీరాలి. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం రాయి సైజు శ్లాబు మందంలో నాలుగో వంతు మించకూడదు. మీ 5 అంగుళాలంటే సుమారు 125 ఎంఎం, అందులో నాలుగో వంతు 31. 40 ఎంఎం రాయి చువ్వల మధ్య ఇరుక్కుంటుంది, దాని కింద కాంక్రీటు దిగక బొక్కలు మిగులుతాయి. తర్వాత నీళ్ళు దిగి చువ్వ తుప్పు పడుతుంది.

శ్లాబుకు, బీములకు, పిల్లర్లకు 20 ఎంఎం తెప్పించండి. చువ్వలు మరీ దగ్గరగా ఉన్నచోట 12 ఎంఎం కలిపితే బాగా సర్దుకుంటుంది. వచ్చిన 40 ఎంఎం వృథా కాదు, పునాది కింద బెడ్ కాంక్రీటుకు అదే వాడతారు.

లోడు దించేముందు గుప్పెడు తీసి చూడండి. బల్లపరుపు పెచ్చులు ఎక్కువున్నా, దుమ్ము పట్టి ఉన్నా వెనక్కి పంపండి. మొరం (కోస్తాలో గ్రావెల్ అంటారు) పూర్తిగా వేరు, అది బేస్‌మెంట్ నింపడానికే.