సరిహద్దు ఒప్పందం సభ ముందుకు వచ్చినప్పుడు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

పార్లమెంటు సభ్యుని కార్యాలయంలో చేరావనీ, విదేశాంగ వ్యవహారాల స్థాయీ సంఘం పని నీకే అప్పగించారనీ, పొరుగు దేశంతో హద్దు ఒప్పందం బిల్లు రూపంలో వస్తే సభ్యునికి ఏమేమి సిద్ధం చేసి ఇవ్వాలో చెప్పమనీ రాశావు. బిల్లుల ముసాయిదాల మధ్యనే ఉద్యోగకాలమంతా గడిపినవాణ్ణి కనుక నాకు తెలిసినంత మేరకు రాస్తున్నాను.

సంప్రదింపులు నాలుగు గోడల మధ్య జరగడంలో తప్పు లేదు. ఎవరు ఎంతవరకు దిగివస్తారో ముందే బయటపడితే, స్వదేశంలో మాట పడవలసి వస్తుందన్న భయంతో రెండు పక్షాలూ బిగుసుకుపోతాయి. అయితే ఆ గోప్యతకు సంతకాలతోనే కాలం చెల్లిపోవాలి. ఆ తరువాత కూడా పటాలనూ, అనుబంధాలనూ, విస్తీర్ణం లెక్కలనూ దాచిపెడితే దాన్ని దౌత్యమనడానికి వీల్లేదు. అది సభకు సమాధానం చెప్పకుండా తప్పించుకోవడమే. సున్నితమైన విషయమని నిన్ను ఎవరైనా ఆపబోతే, ఏ కాగితం, ఏ కారణంగా సున్నితమో రాతపూర్వకంగా అడుగు.

నీవు మొట్టమొదట తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ఈ ఒప్పందం మన భూమిని వదులుకుంటున్నదా, లేక ఎక్కడుందో తేలని గీతను తేలుస్తున్నదా? గట్టు సరిచూసుకోవడం వేరు, పొలం రాసివ్వడం వేరు. 1958 నాటి నెహ్రూ–నూన్ ఒప్పందం ప్రకారం పశ్చిమ బెంగాల్‌లోని బేరుబారిలో సగం పాకిస్తాన్‌కు (అప్పటి తూర్పు పాకిస్తాన్, ఇప్పటి బంగ్లాదేశ్ వైపు) వెళ్లవలసి వచ్చినప్పుడు, ఇది హద్దును నిర్ణయించడమేనని ప్రభుత్వం వాదించింది. 1960లో సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. భూభాగాన్ని వదులుకోవడానికి 368వ అధికరణం కింద రాజ్యాంగ సవరణ కావలసిందేనని అభిప్రాయం చెప్పింది. ఆ ఏడాదే తొమ్మిదో సవరణ వచ్చింది. పాకిస్తాన్‌తో నడిచిన కచ్ రణ్ వివాదంలో 1968లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును అమలు చేయడానికి మాత్రం సవరణ అవసరం లేదని సుప్రీంకోర్టే 1969లో చెప్పింది, ఎందుకంటే అక్కడ తేలింది వివాదంలో ఉన్న గీత. కాబట్టి బిల్లు రాగానే ప్రభుత్వం దాన్ని ఈ రెండింటిలో ఏ కోవలో చేర్చిందో, ఏ సర్వే పటం ఆధారంగా చేర్చిందో సంఘం ముందు చెప్పించాలి. పార్లమెంటు ఆమోదం కావాలా, అక్కరలేదా అన్నది ఈ వర్గీకరణ మీదే ఆధారపడి ఉన్నప్పుడు, ఆ నిర్ణయాన్ని మంత్రిత్వ శాఖ ఒక్కటే చేసేసుకుంటే సభకు మిగిలేదేమీ ఉండదు.

సవరణ ఆమోదం పొందినంత మాత్రాన పని అయిపోయిందనుకోకు. బేరుబారి ప్రజలు ఎదురు తిరిగారు, వ్యాజ్యాలు నడిచాయి, బదిలీ జరగనే లేదు. చివరకు 1974 మే 16న బంగ్లాదేశ్‌తో కుదిరిన ఒప్పందంలో ఆ సగమూ మనకే ఉండిపోయింది. ఆ 1974 ఒప్పందాన్ని బంగ్లాదేశ్ ఆ సంవత్సరమే రాజ్యాంగ సవరణతో ఆమోదించగా, మన పార్లమెంటు ఆమోదానికి 2015 మే దాకా ఆగవలసి వచ్చింది. అంత ఆలస్యమైన ఆ బిల్లు చివరకు ఉభయ సభల్లోనూ ఒక్క వ్యతిరేక ఓటూ లేకుండా ఎలా గట్టెక్కిందో జాగ్రత్తగా చదువుకో, నీ పనికి అంతకన్నా మంచి పాఠం దొరకదు.

అందులో చిక్కంతా లెక్కల దగ్గరే ఉండేది. ఎన్‌క్లేవ్ అంటే చుట్టూ పరాయి దేశమే ఉన్న భూమి చెక్క; ఆ ఒప్పందం ప్రకారం అటువంటి చెక్కలను రెండు దేశాలూ ఇచ్చిపుచ్చుకోవాలి. అప్పట్లో బంగ్లాదేశ్ లోపల ఉన్న 111 భారత ఎన్‌క్లేవ్‌ల విస్తీర్ణం సుమారు 17,160 ఎకరాలు. మన లోపల ఉన్న వారి 51 ఎన్‌క్లేవ్‌లది సుమారు 7,110 ఎకరాలు. పది వేల ఎకరాలు పోతున్నాయన్న మాట ఎంత సులభంగా నినాదమవుతుందో చెప్పనక్కరలేదు. దానికి సమాధానం ఆ అంకెను దాచడంలో లేదు, దాని పక్కన వాస్తవాన్ని నిలబెట్టడంలో ఉంది. 2015కు ముందు దహలా ఖాగ్రాబారి అనే చిన్న చెక్క సంగతి చూడు: బంగ్లాదేశ్ లోపల భారత భూమి, దాని లోపల బంగ్లాదేశ్ భూమి, మళ్లీ దాని లోపల భారత భూమి. ఇటువంటి చోట్లకు మన పోలీసు గానీ, బడి గానీ, జనాభా లెక్కల ఉద్యోగి గానీ మామూలుగా వెళ్లగలిగే వీలే ఉండేది కాదు. పోతున్నవి కాగితం మీది ఎకరాలేనని అప్పుడు వినేవారికి అర్థమవుతుంది. నీవు తయారు చేసే పత్రంలో ప్రత్యర్థి వాడబోయే అంకె మొదటి పుటలోనే ఉండాలి. అది అతని నోట ముందుగా వినబడితే నీ వివరణ ఎంత నిజమైనా సాకుగానే తోస్తుంది.

రాష్ట్రాలను చివరన పిలిచే అలవాటు నాకు మొదటి నుంచీ నచ్చదు. ఆ 2015 బిల్లు విషయంలో పశ్చిమ బెంగాల్ పునరావాసానికి నిధుల హామీ కోరింది. అస్సాంను బిల్లు నుంచి మినహాయించాలన్న ఆలోచన ఆఖరి రోజుల దాకా నడిచి, తరువాత విరమించుకున్నారు. ఈ బేరసారాలేవో సంతకాలకు ముందే జరిగి ఉండవలసినవి.

ఇంకో జాగ్రత్త కూడా తీసుకోవాలి. ఒప్పందాన్ని చదివినంత శ్రద్ధగా, దాని వెంట ఉభయ ప్రభుత్వాలు మార్చుకున్న లేఖలనూ చదువు. శ్రీలంకతో 1974లో కచ్చతీవు విషయమై కుదిరిన ఒప్పందంలో మన మత్స్యకారులకూ యాత్రికులకూ ఆ ద్వీపానికి వెళ్లే వెసులుబాటు ఉంది. 1976లో మార్చుకున్న లేఖలు మాత్రం మన పడవలు వారి జలాల్లో చేపలు పట్టరాదని చెప్పాయి. రామేశ్వరం మత్స్యకారుడి బతుకుతెరువును తాకిన ఆ వాక్యం ఉన్నది ఒక లేఖలో.

బయటి ఉదాహరణ ఒకటి చాలు. బాల్కన్ ప్రాంతంలో పొరుగున ఉన్న మాంటెనెగ్రోతో కొసోవో 2015 ఆగస్టులో వియన్నాలో చేసుకున్న సరిహద్దు ఒప్పందం 2018 మార్చి దాకా కొసోవో శాసనసభలో కదలలేదు. ఎనిమిది వేల హెక్టార్లు పోతున్నాయని ప్రతిపక్షం, పోవడం లేదని ప్రభుత్వం పట్టుబట్టాయి. ప్రతిపక్ష సభ్యులు సభలోనే బాష్పవాయువు వదిలారు. కొలతల మీద నమ్మకం ముందుగా కుదరకపోతే సభలో వాదనకు తావుండదు.

బిల్లు గెజిట్‌కు ఎక్కాక, ఆ భూమి మీద ఉన్న మనుషుల సంగతి మరిచిపోయే ప్రమాదముంది. పౌరసత్వ పత్రాలు ఎందరికి అందాయి, పాత పట్టాలు కొత్త రికార్డుల్లోకి ఎక్కాయా అని ఆరు నెలలకొకసారి సభలో అడిగేలా ప్రశ్నలు రాసి పెట్టుకో. ముసాయిదా నాకు పంపితే దిద్ది తిరిగి పంపిస్తాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న