సైట్‌లో ఒత్తిడి తట్టుకోలేకపోతున్నాను, మానేయమంటారా?

రెండేళ్లుగా సైట్ ఇంజనీర్‌నని, రోజుకి 14 గంటలు పనని, ఆదివారం కూడా ఫోన్లు ఆగవని, కలలో కూడా స్లాబులే వస్తున్నాయని రాశారు. నాది 11 ఏళ్ల సర్వీసు, ఎక్కువగా హైదరాబాద్ పడమటి వైపు టవర్లలోనే. మానేయడం సంగతి మీ ఇంటి పరిస్థితిని బట్టి మీరే తేల్చుకోవాలి. నేను ఒకసారి ఎక్కడ ఆగానో మాత్రం చెప్తాను.

అప్పుడు కోకాపేట వైపు ఒక సైట్‌లో ఉన్నాను. వారానికో స్లాబ్ పడాలి. పగలు మిక్సర్ లారీలతో ట్రాఫిక్ గొడవ కాబట్టి కాంక్రీట్ రాత్రి 10కి మొదలై తెల్లారేదాకా సాగేది. పగలంతా సెంట్రింగ్ చేసి, రాడ్లు కట్టినవాళ్లలోనే సగం మంది రాత్రికీ ఉండేవాళ్లు. ఏప్రిల్ నెల. మూడున్నరకి పంపు పైపు జామ్ అయింది. దాన్ని విప్పి, కొట్టి, మళ్లీ బిగించేసరికి 40 నిమిషాలు. ఈలోగా లెవెల్స్ చూద్దామని అటు నడిస్తే, లిఫ్ట్ గుంత పక్కనే రాడ్ల మీద ఒక కుర్రాడు నిద్రపోతున్నాడు. ఒడిశా నుంచి వచ్చాడు, 20 ఏళ్లుంటాయేమో. గుంత మీద మూతగా వేసిన ప్లైవుడ్ ముక్కని ఎవరో ఇంకెక్కడో వాడుకోడానికి పట్టుకెళ్లారు. సేఫ్టీ బెల్టు ఒంటి మీదే ఉంది, హుక్కు మాత్రం దేనికీ తగిలించలేదు. ఒక్కసారి అటు పొర్లితే 14 అంతస్తులు.

అరిస్తే ఉలిక్కిపడి అటే దొర్లుతాడేమోనని కాలర్ పట్టుకుని మెల్లగా ఇవతలికి లాగాను. లేచి గుంత వంక చూడనైనా చూడలేదు. "సార్, హాజరు కట్ చేయకండి" అన్నాడు హిందీలో.

హాజరు అంటే మీకు తెలిసే ఉంటుంది. 8 గంటల పనికి ఒకటి, అంటే ఒక రోజు కూలి. ఇంకో 4 గంటలు చేస్తే ఒకటిన్నర. చట్టం ప్రకారం ఓటీకి, అంటే అదనపు గంటలకి, రెట్టింపు కూలి ఇవ్వాలి, అంటే ఆ 4 గంటలకి సగం కాదు, పూర్తి హాజరు వేయాలి. ఏ మేస్త్రీ వేస్తాడు? ఆయనకొచ్చేదే చదరపు అడుగు లెక్కన, అదీ బిల్లు రెండు నెలలు ఆలస్యంగా. ఆ కుర్రాడిని తిట్టలేకపోయాను, మేస్త్రీని కూడా. ఆ వారం స్లాబ్ షెడ్యూల్ రాసింది నేనే మరి. పైనుంచి నన్ను తొందరపెట్టారు, నేను మేస్త్రీని పెట్టాను, ఆయన వాళ్లని.

ఆ తర్వాత నేను మార్చుకున్నది ఒక్కటే. నోటిమాట మీద పని చేయడం మానేశాను. నెల తిరక్కుండానే ఫోన్ వచ్చింది, కింది ఫ్లోర్ ప్రాప్స్ (స్లాబ్ గట్టిపడేదాకా కింద నుంచి మోసే పోట్లు) తీసేసి పైకి పంపమని. స్లాబ్ వేసి 9 రోజులు. కాంక్రీట్ పనులకి మన దేశపు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం స్పాన్ (ఆధారాల మధ్య దూరం) 4.5 మీటర్లు దాటిన స్లాబ్‌కి ప్రాప్స్ 14 రోజులు ఉండాలి, 6 మీటర్లు దాటిన బీముకైతే 21. వాదించలేదు. "మీరు చెప్పినట్టే తీయిస్తాను, తేదీతో సహా మెయిల్‌లో కన్ఫర్మ్ చేయండి" అని రెండు లైన్లు పంపాను. మెయిల్ రాలేదు, ప్రాప్స్ కదల్లేదు. మర్నాడు అద్దె ప్రాప్స్ ఒక లోడు వచ్చింది. అంతకుముందు తేనిది డబ్బులు లేక కాదన్నమాట!

ఇంక్రిమెంట్ మాత్రం ఆ ఏడాది రాలేదు, అది దాచను. కానీ నిద్ర వచ్చింది. ఆదివారం ఫోన్ చేసినవాళ్లకి "మెసేజ్ పెట్టండి సార్" అంటాను. రాతలో అడగాల్సి వచ్చేసరికి సగం పనులు సోమవారానికి ఆగుతున్నాయి.

మీరు కూడా ముందు ఒక నెల ఇలా చేసి చూడండి. సైట్ రిజిస్టర్‌లో రోజూ రాయండి, రాత్రి స్లాబ్‌కి ఎంతమంది పగటివాళ్లే ఉన్నారో సహా. అప్పటికీ మీ మీదే అరుస్తుంటే వేరే సైట్ వెతుక్కోండి. టవర్లు కాకుండా రోడ్లు, నీటి ట్యాంకుల పనుల్లో వేగం కొంచెం తక్కువ, మా బ్యాచ్‌వాళ్లు ఇద్దరు అటే వెళ్లారు.

ఇంకోటి, ఖాళీ దొరికినప్పుడు మీ దగ్గర పనిచేసేవాళ్లకి లేబర్ కార్డు (నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు ఇచ్చేది) ఉందేమో అడగండి. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసుంటే చాలు. 90 రోజుల పని కాగితం ఇవ్వడానికి మేస్త్రీ నసుగుతాడు. హాజరు పుస్తకం మీ దగ్గరే ఉంటుంది కదా, మీరు ఇప్పించండి.