కోఆర్క్‌టేషన్ ఆపరేషన్ అయిన పసిపాప: పాలు ఎప్పుడు పట్టాలి, ఇంట్లో ఏం గమనించాలి?

పాపకి పుట్టిన 24వ రోజున కోఆర్క్‌టేషన్ (బృహద్ధమని, అంటే గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం, ఒకచోట ఇరుకవడం) ఆపరేషన్ అయిందనీ, మూడో రోజైనా బీపీ ఎక్కువగానే ఉందనీ, పాలు పట్టనివ్వట్లేదనీ రాశారు. ఆ రెండూ ముడిపడ్డవే.

ఇన్నాళ్లూ బృహద్ధమని ఇరుకు వల్ల పొట్టకీ కాళ్లకీ రక్తం తక్కువ ఒత్తిడితో వెళ్లేది. ఇరుకు తీసేయగానే ఒక్కసారిగా జోరు పెరుగుతుంది. బీపీ పెంచే పాత అలవాటు మాత్రం ఒంట్లో కొన్నాళ్లు ఉంటుంది. కుట్లు పచ్చిగా ఉన్నాయి కాబట్టి ఎస్మొలాల్, నైట్రోప్రుస్సైడ్ లాంటి మందులు డ్రిప్‌లో ఇచ్చి దించుతారు. పేగుల రక్తనాళాలు ఆ జోరుకి వాస్తే పొట్ట ఉబ్బుతుంది, వాంతులవుతాయి, విరేచనంలో రక్తం పడొచ్చు. అందుకే కొద్ది రోజులు పాలు ఆపి, పొట్ట మెత్తగా ఉంటే ట్యూబులో కొద్ది మిల్లీలీటర్లతో మొదలుపెడతారు. తొందరపెట్టకండి. ఈలోగా తల్లి రెండు మూడు గంటలకోసారి పాలు పిండి ఫ్రీజర్‌లో దాచాలి, లేకపోతే పాలు తగ్గిపోతాయి.

పాలు మొదలయ్యాక డ్రెయిన్ (ఛాతీలోని నీరు బయటికి రావడానికి పెట్టిన గొట్టం) చూడండి. అప్పటిదాకా పసుపుగా వచ్చిన నీరు తెల్లగా మారితే, కొవ్వును మోసే నాళం దెబ్బతిని ఛాతీలోకి కారుతోందని అర్థం. అప్పుడు కొన్ని వారాలు తల్లిపాలు ఆపి ఎంసీటీ కొవ్వున్న (ఆ నాళంతో పనిలేకుండా నేరుగా రక్తంలోకి చేరే రకం) పాలపొడి ఇస్తారు.

ఏడుపు కూడా వినండి. శ్వాస గొట్టం తీశాక రెండు మూడు రోజులు గొంతు బొంగురుగా ఉండటం మామూలే. అది తగ్గకుండా, పాలు తాగుతూ పొలమారుతుంటే స్వరపేటికకి వెళ్లే ఎడమ నరం దెబ్బతిందేమో ఈఎన్‌టీ డాక్టరు చూడాలి. ఆ నరం సరిగ్గా కోత పెట్టే చోటే బృహద్ధమనిని చుట్టి వెళ్తుంది. చూసేదాకా నోటితో పాలు వద్దు.

ఇంటికెళ్లాక పెద్ద గొడవ లాల దగ్గరే. గాయం ఎడమ రెక్క ఎముక కింద, వీపు మీదుగా ఉంటుంది. కాళ్ల మీద బోర్లా వేసి వీపు రుద్దడం, నూనె మర్దన, చేతులు పట్టి లేపడం, సాంబ్రాణి పొగ, ఏవీ వద్దని అమ్మమ్మకీ నాయనమ్మకీ ముందే చెప్పండి. గాయం మానిందని సర్జన్ చెప్పేదాకా తడిగుడ్డతో తుడిస్తే చాలు. నాలుగు నుంచి ఆరు వారాలు ఒక చెయ్యి మెడ కింద, ఒక చెయ్యి పిరుదుల కింద పెట్టే ఎత్తాలి.

బీపీ మందు మిల్లీలీటర్లలో ఎంతో రాయించుకోండి, సిరంజితోనే కొలవండి. ప్రొప్రనొలాల్ పాలు తాగాకే ఇవ్వాలి, ఖాళీ కడుపున ఇస్తే షుగర్ పడిపోవచ్చు. క్యాప్టొప్రిల్ వాడుతుండగా వాంతులు, విరేచనాలు పట్టుకుంటే తర్వాతి డోసుకి ముందు డాక్టరుకి ఫోన్ చేయండి, కిడ్నీల మీద పడుతుంది.

అసలు భయం మళ్లీ ఇరుకవడం. నెలలోపు ఆపరేషన్ అయిన పిల్లల్లో ఇది ఎక్కువ, చాలావరకు మొదటి ఏడాదిలోనే బయటపడుతుంది. ప్రతి చెకప్‌లో కుడిచేతికీ ఒక కాలికీ బీపీ తీయమనండి, గజ్జల్లో నాడి చూడమనండి. ఎడమచేతి రీడింగ్ నమ్మొద్దు. ఇరుకు ఆ చేతికి వెళ్లే రక్తనాళం పక్కనే ఉంటుంది, కొన్ని ఆపరేషన్లలో ఇరుకుని వెడల్పు చేయడానికి ఆ నాళాన్నే వాడేస్తారు కూడా. ఏడుస్తున్న బిడ్డకి తీసిన బీపీ దండగ, పాలు తాగి నిద్రపోయాక తీయాలి. కాలి బీపీ పై అంకె కుడిచేతి కన్నా 20 తక్కువుంటే ఎకో (గుండె స్కాన్) చేయాలి. ఎక్కువమందికి మళ్లీ కోత అక్కర్లేకుండా బెలూన్‌తోనే సరిచేస్తారు.

బరువు రోజుకి 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. పాలు తాగుతూ చెమటలు పట్టడం, డొక్కలు ఎగరేయడం, పాదాలు చల్లబడటం, ఉచ్చ తగ్గడం, జ్వరం, గాయంలో చీము, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే తీసుకెళ్లండి.

టీకాల గురించి అడిగారు. ఆరు వారాల టీకాలు ఎప్పుడన్నది సర్జన్ని అడగండి. రక్తం ఎక్కించి ఉంటే తట్టు టీకాకి ఆరేడు నెలల ఎడం కావాలి. మీ పాపకి తొమ్మిదో నెల వచ్చేసరికి ఆ గడువు ఎలాగూ దాటిపోతుంది.