బిజినెస్ కాల్క్యులస్ సరిపోతుందా, కాల్క్ టూకి వెళ్లాలా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయికి ఇక్కడే ఒక స్టేట్ యూనివర్సిటీలో ఎకనామిక్స్‌లో అడ్మిషన్ వచ్చింది, ఆగస్టులో చేరుతుంది. తనకేమో సైకాలజీ ఇష్టం. డేటా సైన్స్‌కి మారితే మంచిదని నా అభిప్రాయం. హైస్కూల్లో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కాల్క్యులస్ ఏబీ పరీక్షలో ఐదుకి 3 వచ్చింది. ఏ మ్యాథ్స్ కోర్సుతో మొదలుపెట్టాలో తేల్చే యూనివర్సిటీ వాళ్ల అలెక్స్ ప్లేస్‌మెంట్ టెస్టు ఆన్‌లైన్‌లో ఇంట్లోనే రాసింది. పక్కన కూర్చుని కాస్త సాయం చేశాను, వందకి 86 వచ్చింది. అందుకే నేరుగా కాల్క్యులస్ టూ తీసుకోమంటున్నాను. తనేమో బిజినెస్ కాల్క్యులస్ గానీ స్టాటిస్టిక్స్ గానీ చాలంటోంది. మా ఫ్రెండ్స్ పిల్లలు ఇద్దరు కాల్క్యులస్ త్రీతో మొదలుపెడుతున్నారు. మా అమ్మాయి వెనకబడిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. వచ్చే వారమే ఓరియెంటేషన్. ఏ కోర్సు సరైనదో పోల్చి చెప్పగలరు.

జవాబు: ఏటా వేసవిలో ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది. కోర్సుల పేర్లు మారతాయి, ఊళ్లు మారతాయి. "వెనకబడిపోతుందేమో" అన్న మాట మాత్రం మారదు. కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను. వెనకబడదు.

ఆ ఫ్రెండ్స్ పిల్లలు ఏ మేజర్‌లో చేరుతున్నారో మీరు రాయలేదు. కాల్క్ త్రీతో మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా ఇంజినీరింగ్, ఫిజిక్స్, మ్యాథ్స్ వైపు వెళ్లేవాళ్లు. వాళ్ల డిగ్రీలో ఆ కోర్సు ఎలాగూ ఉంటుంది. సైకాలజీ డిగ్రీకి దాని అవసరం లేదు. ఎకనామిక్స్ బీఏకి కూడా మామూలుగా అడగరు. విజయవాడ బస్సు ఎక్కినవాళ్లు వరంగల్ బస్సు ముందే వెళ్లిపోయిందని కంగారుపడరు కదా. డిగ్రీ మొత్తానికి 120 క్రెడిట్లు చదవాలి, ఒక మ్యాథ్స్ కోర్సు అందులో మూడో నాలుగో. ఒక సెమిస్టర్ కింది మెట్టు మీద మొదలుపెట్టినందువల్ల పోయేది ఏమీ లేదు. పై మెట్టు మీద మొదలుపెట్టి మొదటి సెమిస్టర్‌లోనే సీ మైనస్ తెచ్చుకుంటే మాత్రం స్కాలర్‌షిప్ దగ్గర, మేజర్ మారే దగ్గర, అన్నిటికంటే ముందు అమ్మాయి ధైర్యం దగ్గర దెబ్బ తగులుతుంది.

ఇప్పుడు ఆ 86 సంగతి. ఇక్కడ కాస్త కటువుగానే చెబుతాను. ఆ మార్కు అమ్మాయిది కాదు, మీది. అలెక్స్ టెస్టులో ప్రశ్నలు 30 లోపే ఉంటాయి. ఇచ్చిన జవాబును బట్టి తర్వాతి ప్రశ్నను ఎంచుకుంటూ, విద్యార్థికి ఏం వచ్చో ఏం రాదో అది లెక్కగడుతుంది. పూర్తయ్యాక ఏ టాపిక్‌లు రావో చూపించి, వాటిని నేర్పే పాఠాలు కూడా ఇస్తుంది. మీరు పక్కన కూర్చుని జవాబు అందించిన ప్రతిసారీ, అమ్మాయికి రాని ఒక విషయం వచ్చినట్టుగా నమోదైంది. తనకు అవసరమైన పాఠం ఆ జాబితాలోంచి ఎగిరిపోయింది. మీరు చేసింది ప్రేమతోనే, నాకు తెలుసు. కానీ సెప్టెంబరులో మొదటి మిడ్‌టర్మ్ రాసేటప్పుడు తన పక్క కుర్చీలో మీరు ఉండరు.

ఇలా పై మెట్టుకు వెళ్లిన ఒక అబ్బాయి రెండేళ్ల కిందట సెప్టెంబరు చివర్లో నా దగ్గరికి వచ్చాడు. కాల్క్ టూ మొదటి పరీక్ష పేపరు చేతిలో ఉంది. ఇంటిగ్రేషన్ బై పార్ట్స్ చక్కగా చేశాడు, ఫార్ములా ఎక్కడా తప్పలేదు. తర్వాతి లైన్లో ఒకటి బై ఎక్స్ ప్లస్ రెండుని విడగొట్టి ఒకటి బై ఎక్స్, ప్లస్ ఒకటి బై రెండు అని రాశాడు. అక్కడి నుంచి లెక్కంతా పోయింది. "ఎక్స్ బదులు రెండు వేసి చూడు నాన్నా" అన్నాను. ఎడమవైపు పావు వచ్చింది, కుడివైపు ఒకటి వచ్చింది. కాసేపు పేపరు వంక చూసి, "స్కూల్లో ఇవన్నీ క్యాలిక్యులేటరే చూసుకునేది ఆంటీ" అన్నాడు. తెలివైన పిల్లవాడు. వాడిని ముంచింది కాల్క్యులస్ కాదు, ఎనిమిదో తరగతి భిన్నాలు. నేను చూసిన పిల్లల్లో ఎక్కువమంది కాలుజారేది ఇక్కడే.

"ఇదంతా మేం ఇంటర్లోనే చదివాం" అని మీకు అనిపిస్తూ ఉండొచ్చు. నిజమే, ఇంటర్ ఫస్టియర్ వన్ బీలో డిఫరెన్సియేషన్, సెకండియర్ టూ బీలో ఇంటిగ్రేషన్ మనందరం చేశాం. కానీ అంతకుముందు పదేళ్లు చేత్తోనే భిన్నాలు, ఫ్యాక్టర్లు దిద్దాం. ఇంటర్లోనూ అవే మోడల్ లెక్కలు వందసార్లు చేసి పరీక్ష రాశాం. మీ అమ్మాయి చదువు ఆ దారిలో నడవలేదు. మీ ఇంటర్ కొలతతో తనని కొలవకండి.

ఇక మీరడిగిన పోలిక. ఈ కోర్సుల్లో ఏది గొప్పదని కాకుండా, ఏది చదివితే తర్వాత ఏ తలుపు తెరుచుకుంటుందని చూడండి. టెక్సాస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీ కేటలాగ్ తీస్తే మొదటి కాల్క్యులస్‌కే రకరకాల నంబర్లు కనిపిస్తాయి. బిజినెస్ వాళ్లకు 142, బయాలజీ వైపు వాళ్లకు 147, ఇంజినీరింగ్‌కు 151, మ్యాథ్స్ మేజర్ లాంటివాళ్లకు 171. అన్నిట్లోనూ డెరివేటివ్ ఉంటుంది, కానీ ఒకదాని బదులు ఇంకొకటి చెల్లదు. మీ అమ్మాయి యూనివర్సిటీలో నంబర్లు వేరుగా ఉండొచ్చు, పద్ధతి ఇదే. బిజినెస్ కాల్క్యులస్‌లో త్రికోణమితి దాదాపు ఉండదు. ఒక సెమిస్టర్‌లో ముగుస్తుంది, మామూలుగా కాల్క్ టూకి దారి తీయదు. కామర్స్ డిగ్రీకి సరిపోతుంది, చాలాచోట్ల ఎకనామిక్స్ బీఏకీ సరిపోతుంది. కానీ రెండో ఏడాది అమ్మాయి మనసు మారి ఎకనామిక్స్‌లో బీఎస్ చేస్తానన్నా, మీరన్న డేటా సైన్స్‌కే వెళ్తానన్నా, మళ్లీ అసలు కాల్క్ వన్ నుంచి మొదలుపెట్టాలి. ఏ మేజరో తేలనివాళ్లకు ఈ కోర్సు నేను చెప్పకపోవడానికి కారణం అదొక్కటే. అది తేలిక కోర్సని చిన్నచూపు మాత్రం నాకు లేదు.

ఏబీలో వచ్చిన 3కి క్రెడిట్ వచ్చే అవకాశం బాగానే ఉంది. పబ్లిక్ కాలేజీలు మామూలుగా 3కే క్రెడిట్ ఇవ్వాలని టెక్సాస్‌లో 2015లో చట్టం చేశారు. కానీ క్రెడిట్ రావడం వేరు, సబ్జెక్టు రావడం వేరు. కాల్క్ టూలో ఇంటిగ్రేషన్ పద్ధతులు, ఆ తర్వాత సీక్వెన్సులు, సిరీస్ వరసగా వచ్చి పడతాయి. బాగా చదివే పిల్లలకే ఊపిరాడని కోర్సు అది. 3తో, వేసవంతా పుస్తకం ముట్టకుండా అందులోకి దూకమని నేను చెప్పను. కొన్ని యూనివర్సిటీల్లో ఈ క్రెడిట్ విద్యార్థి అడిగితేనే రికార్డులోకి ఎక్కుతుంది, ఒకసారి ఎక్కాక తీయరు. కాబట్టి తొందరపడి బటన్ నొక్కకండి, ముందు అడ్వైజర్‌ని అడగనివ్వండి.

డేటా సైన్స్ గురించి నాకున్న అనుమానాలు దాచుకోను. డిగ్రీ స్థాయిలో ఇది కొత్త మేజర్. బర్క్‌లీ యూనివర్సిటీలాంటి చోటే 2018లో మొదలైంది. ఆ పేరుతో ఇప్పుడు చాలా ప్రోగ్రాములున్నాయి, లోపలి సరుకు మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉంది. కొన్నింట్లో లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ గట్టిగా చెబుతారు. కొన్నింట్లో సాఫ్ట్‌వేర్ టూల్స్ నేర్పి పంపిస్తారు. ఆ టూల్స్ నాలుగేళ్లలో పాతబడతాయి, అప్పుడు పిల్లల చేతిలో మిగిలేది లెక్కల పునాది ఒక్కటే. కాలిఫోర్నియాలో ఏం జరిగిందో చూడండి. హైస్కూల్లో ఆల్జీబ్రా టూ బదులు డేటా సైన్స్ కోర్సు చదివినా అడ్మిషన్‌కి చెల్లుతుందని 2020లో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ప్రొఫెసర్ల కమిటీ ఒప్పుకుంది. 2023లో ఆ మాట వెనక్కి తీసుకుంది. ఆల్జీబ్రాని తప్పించుకుని డేటా సైన్స్‌కి పోయే అడ్డదారి లేదు.

ఇంకో మాట. డేటా సైన్స్ అడుగుతున్నది ఎవరు? మీ ఉత్తరంలో మీ అభిప్రాయం ఉంది, మీ ఫ్రెండ్స్ పిల్లలున్నారు, మీ టెన్షన్ ఉంది. అమ్మాయి ఇష్టానికి దక్కింది మాత్రం "తనకేమో సైకాలజీ ఇష్టం" అన్న ఒక్క వాక్యం. ఎందుకు ఇష్టమో ఎప్పుడైనా అడిగారా? అడిగి, మధ్యలో అందుకోకుండా పూర్తిగా విన్నారా? పద్దెనిమిదేళ్ల పిల్ల తనంతట తాను స్టాటిస్టిక్స్ చదువుతానంటుంటే, అది తప్పించుకోవడంలా మీకెందుకు కనిపించింది?

స్టాటిస్టిక్స్ అంటే కాల్క్యులస్ రానివాళ్ల లెక్కలని మనవాళ్లలో ఒక చులకన ఉంది, నాకది చాలా బాధ. సైకాలజీ నడిచేదే స్టాటిస్టిక్స్ మీద. ఈనాటికీ డేటా పనిలో వాడే ఫ్యాక్టర్ ఎనాలిసిస్ అనే పద్ధతి పుట్టింది 1904లో, చార్లెస్ స్పియర్‌మన్ అనే సైకాలజిస్టు చేతిలో. మన స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారి సంగతి గుర్తుచేసుకోండి. నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదివి, ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ ఎంఏ చేసి, ఆ తర్వాతే కలకత్తా వెళ్లి స్టాటిస్టిక్స్ పట్టారు. పాతికేళ్ల వయసులో, 1945లో ప్రచురించిన పేపరుకి 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది. అప్పటికి ఆయనకు 102 ఏళ్లు. ఆయన పట్టిన సబ్జెక్టుని మీ అమ్మాయి కోరుకుంటే అది చిన్న కోరికా?

నేనైతే ఇలా చేయిస్తాను. ఫాల్‌లో కాల్క్ టూకి దారి తీసే మామూలు కాల్క్యులస్ వన్. హైస్కూల్లో ఒకసారి విన్నదే కాబట్టి ఈసారి అర్థం చేసుకుంటూ చదివే తీరిక దొరుకుతుంది, ఎకనామిక్స్ తలుపూ డేటా సైన్స్ తలుపూ రెండూ తెరిచే ఉంటాయి. స్ప్రింగ్‌లో స్టాటిస్టిక్స్. సైకాలజీ డిపార్ట్‌మెంట్ తన సొంత స్టాటిస్టిక్స్ కోర్సే చదవాలంటుందా, ఎకనామిక్స్‌కీ అదే చెల్లుతుందా అన్నది అడ్వైజర్‌ని ముందే అడగాలి. లేకపోతే ఒకే విషయం రెండుసార్లు చదవాల్సి వస్తుంది. సైకాలజీయే అని అమ్మాయి ఈలోపే గట్టిగా తేల్చుకుంటే మాత్రం, ఫాల్‌లోనే స్టాటిస్టిక్స్ తీసుకుని కాల్క్యులస్ వదిలేసినా నష్టం లేదు. ఆ మాట తనే చెప్పాలి, మీరు కాదు.

తీసుకున్న కోర్సు మొదటి రెండు వారాల్లో మరీ భారమనిపిస్తే మారడానికి దారి ఉంది. టెక్సాస్ పబ్లిక్ కాలేజీల్లో డిగ్రీ మొత్తానికి ఆరు డ్రాప్‌లే, అంటే మధ్యలో కోర్సు వదిలేసే అవకాశాలే, ఇస్తారు. ఫాల్ సెమిస్టర్‌లో 12వ క్లాసు రోజులోపు వదిలేస్తే అది ఆ ఆరింటిలోకి రాదు. ఆ తేదీ క్యాలెండర్‌లో రాసి పెట్టుకోమనండి.

ఓరియెంటేషన్ రోజు అడ్వైజర్ గదిలోకి అమ్మాయి ఒక్కతే వెళ్లాలి. అంతకుముందు చేయాల్సిన పని ఒకటుంది. చాలా యూనివర్సిటీలు అలెక్స్ మళ్లీ రాయనిస్తాయి, మీ దగ్గర కుదురుతుందేమో కనుక్కోండి. కుదిరితే ఈసారి తన గదిలో, తలుపు వేసుకుని, ఒక్కతే రాయాలి. కాల్క్ వన్‌కి చాలాచోట్ల 75కీ 80కీ మధ్య అడుగుతారు. 62 వస్తే 62 అనే చూడండి, మొహం చిన్నబుచ్చుకోకండి. అలెక్స్ చూపించిన పాఠాలు రోజుకో గంట చదివి, ఆగస్టులోపు మళ్లీ రాయొచ్చు. ఆ గంట మీరు చేయగలిగిన సాయం, అడిగితేనే ఆ గదిలోకి వెళ్లడం.