టెక్ సందేహాలు: వంకాయ రంగు చీర నీలంగా కనిపిస్తోంది!

ప్రశ్న: ధర్మవరం పట్టుచీరల ఫొటోలు తీసి వాట్సాప్‌లో అమ్ముతుంటాను. ఈమధ్య సెకండ్ హ్యాండ్ మానిటర్ తీసుకున్నాను. అందులో వంకాయ రంగు చీర నీలంగా, పసుపు చీర ఆకుపచ్చగా కనిపిస్తున్నాయి. ఎర్రంచు నల్లగా ఉంటోంది. బటన్లతో రంగులు ఎంత మార్చినా లాభం లేదు. ఒక్కోసారి దానంతటదే సరవుతుంది. ఫోన్లో అవే ఫొటోలు బాగున్నాయి.
– ఓ పాఠకురాలు, అనంతపురం

జవాబు: మీరు చెప్పిన మూడు రంగుల్లోనే జవాబు ఉంది. తెర మీద వంకాయ రంగంటే ఎరుపు, నీలం వెలుగుల కలయిక. పసుపంటే ఎరుపు, ఆకుపచ్చ. వీటిలోంచి ఎరుపు పోతే మిగిలేవి నీలం, ఆకుపచ్చ. ఎర్రంచులోంచి ఎరుపే పోతే ఇక నలుపే. అంటే మానిటర్‌కు ఎరుపు అందడం లేదు. అప్పుడప్పుడూ సరవుతోందంటే ఎక్కడో కాంటాక్ట్ లూజు. మీది రెండు పక్కలా స్క్రూలుండే వీజీఏ కేబులే అయ్యుండాలి. అందులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేర్వేరు తీగల్లో వెళ్తాయి, కాబట్టి ఒక్క రంగే పోగలదు. (ఆకుపచ్చ పోతే తెల్ల పేజీ రాణి పింక్ అవుతుంది, నీలం పోతే పసుపు.) డిజిటల్ కేబులైన హెచ్‌డీఎంఐలో సాధారణంగా ఇలా జరగదు. అది చెడితే తెర మీద చుక్కలు మెరుస్తాయి, లేదంటే బొమ్మే రాదు.

ముందు మానిటర్ మెనూలో ‘రీసెట్’ కొట్టి, మీరు మార్చినవన్నీ యథాస్థితికి తెండి. రాని ఎరుపును బటన్లతో పెంచలేం; తీరా కాంటాక్ట్ కుదిరాక తెరంతా ఎర్రబారుతుంది. ఇప్పుడు ఆ మెనూనే గమనించండి. దాన్ని గీసేది మానిటరే, కంప్యూటర్ కాదు. మెనూలో తెలుపు, ఎరుపు సరిగ్గా ఉండి వెనక డెస్క్‌టాప్ మాత్రమే తేడాగా ఉంటే ప్యానెల్ బాగున్నట్టే. కంప్యూటర్ ఆన్ చేయగానే వచ్చే కంపెనీ లోగో, బయోస్ తెర కూడా నీలిగా ఉంటే విండోస్‌ను అనుమానించక్కర్లేదు. ఫార్మాట్ కొట్టిస్తే డబ్బు దండగ.

కంప్యూటర్, మానిటర్ రెండింటి పవర్ ఆపి కేబుల్ ఊడదీయండి. ప్లగ్ వెడల్పు వైపు పైకి వచ్చేలా పట్టుకుని పిన్నులు చూస్తే, పై వరసలో ఎడమ నుంచి మొదటిది ఎరుపు, రెండోది ఆకుపచ్చ, మూడోది నీలం. మొదటిది వంగిందేమో చూడండి. మధ్య వరసలో నాలుగో పిన్ లేకపోయినా కంగారు పడొద్దు, చాలా కేబుళ్లకు అది ఉండదు. వంగిన పిన్నుకు మెకానికల్ పెన్సిల్ మొన తొడిగి, మెల్లగా ఒక్కసారికే నిలబెట్టండి. అటూ ఇటూ వంచితే విరుగుతుంది. తిరిగి పెట్టాక రెండు స్క్రూలూ బిగించండి. వదిలేస్తే కేబుల్ బరువుకే ప్లగ్ ఒక పక్కకు వాలుతుంది.

పిన్నులన్నీ బాగుంటే వేరే కేబుల్ పెట్టి చూడండి. అయినా అంతే ఉంటే మానిటర్‌ను ఇంకో కంప్యూటర్‌కు కలపండి. అక్కడా నీలంగానే ఉంటే మానిటర్ సాకెట్ టంకం వదిలింది, రిపేర్ షాపులో మళ్లీ అతికిస్తారు. అక్కడ బాగుంటే లోపం మీ కంప్యూటర్ పోర్టులో. రెండింటికీ హెచ్‌డీఎంఐ ఉంటే ఈ తంటాలు మాని దానికి మారడమే మేలు.

అది సరయ్యాక మానిటర్‌ను రంగులకు ప్రామాణికమైన ‘ఎస్ఆర్‌జీబీ’ మోడ్‌లో, అది లేకుంటే కలర్ టెంపరేచర్‌ను 6500కె దగ్గర పెట్టి, చీరను కిటికీ వెలుతురులో తెర పక్కన పట్టుకుని పోల్చండి. కొనేవాళ్ల ఫోన్ రంగులు పెంచి చూపే ‘వివిడ్’ మోడ్‌లో ఉంటే మాత్రం మీ చేతిలో ఏమీ లేదు.

ప్రశ్న: హెచ్‌డీఎంఐ పెట్టాక నలుపు బూడిద రంగులో, మొత్తం పాలిపోయినట్టు ఉంది.
– ఓ పాఠకుడు, కర్నూలు

జవాబు: కంప్యూటర్ మీ మానిటర్‌ను టీవీ అనుకుంటోంది. వెలుగును అంకెల్లో చెబితే, టీవీ లెక్కలో నలుపు 16, తెలుపు 235. మానిటర్ లెక్కలో 0, 255. పదహారును మానిటర్ నలుపుగా కాక బూడిదగా చూపిస్తుంది. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డయితే కంట్రోల్ ప్యానెల్‌లో ‘ఛేంజ్ రిజల్యూషన్’ తెరిచి, కింద ‘యూజ్ ఎన్విడియా కలర్ సెట్టింగ్స్’ ఎంచుకుని, ‘అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్’ను ‘ఫుల్’ చేయండి. ఏఎండీలో ‘పిక్సెల్ ఫార్మాట్’ను ‘ఆర్‌జీబీ 4:4:4 ఫుల్’ చేయాలి. అప్పుడు నీడలన్నీ నల్లటి ముద్దలైతే మానిటర్ కూడా టీవీ లెక్కలోనే ఉందన్నమాట, దాని మెనూలో ‘బ్లాక్ లెవల్’ మార్చండి.

ప్రశ్న: రోజూ చీకటి పడగానే తెర పసుపెక్కుతోంది, పొద్దున బాగుంటోంది. మానిటర్ మార్చాలా?
– ఓ విద్యార్థి, కడప

జవాబు: వద్దు, అది విండోస్ ‘నైట్ లైట్’. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లేలోకి వెళ్లి ఆపేయండి. ‘షెడ్యూల్’ కూడా ఆపాలి, లేదంటే రేపు సాయంత్రం మళ్లీ వస్తుంది.